ఏడు ఆనపగింజలు

2023 మే నెలలో నర్సంపేట దగ్గర మా అత్తగారి ఊళ్లో పాత పెంకుటిల్లు విప్పి స్లాబు ఇల్లు మొదలుపెట్టారు. ఇల్లు విప్పిన రోజు సాయంత్రం అత్తమ్మ నాకు ఫోన్ చేసింది. ఇంటి సంగతి ఒక్క మాట కూడా చెప్పలేదు. "దూలానికి కట్టిన ఆనపకాయ ఏడవోయిందో దొరుకుతలేదే. కూలోళ్లు పెంకులతోని కలిపి ట్రాక్టర్ల ఏసినట్టున్నరు" అంది. నగ పోయినప్పుడు మనిషి గొంతు ఎలా ఉంటుందో అలా ఉంది ఆ గొంతు.

ఆ కాయ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. అత్తమ్మ కాపురానికి వచ్చిన కొత్తల్లో పుట్టింటి నుంచి తెచ్చుకున్న విత్తనం. పొట్టి కాయ, కింద బొద్దుగా, పైన బెత్తెడు మెడతో ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు గోరు తగిలితే నీరు కారుతుంది. పాలు పోసి వండినా, తురిమి సర్వపిండి అనే బియ్యప్పిండి రొట్టెలో కలిపినా దాని రుచి వేరు. హన్మకొండ కూరగాయల మార్కెట్లో దొరికే పొడుగు ఆనపకాయలు వండితే నీళ్ల కూర అవుతుంది. ఇది ముక్క ముక్కగా నిలుస్తుంది. అత్తమ్మ ఏటా ఒక కాయను తీగ మీదే ఎండనిచ్చి, పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది. పొగ తగులుతుంది కాబట్టి పురుగు రాదు. మిరుగం (జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తె) రాగానే కాయ పగలగొట్టి గింజలు తీసి, పెరట్లో నాలుగు, వాడకట్టులో అడిగినవాళ్లకు నాలుగు. అంతే, ఇన్నేళ్లూ ఆ విత్తనం అలా ఒక్క కాయ మీద నడిచింది.

నాకు పెళ్లయి పదహారేళ్లు. హన్మకొండలో మా ఇంటి మీద మిద్దె తోట మొదలుపెట్టి అప్పటికి ఐదేళ్లు. ఇన్నేళ్లలో ఆ కాయను బస్సులో మోసుకొచ్చి వండుకున్నానే తప్ప, పది గింజలు అడిగి తెచ్చుకోలేదు. ఊళ్లో ఉంది కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆదివారం ఊరికి పోయాం. పెంకులు పారబోసిన చోట వెతికాం, ఏమీ లేదు. వాడకట్టులో అడిగితే అందరూ ఇప్పుడు ప్యాకెట్ విత్తనాలే పెడుతున్నామన్నారు. మధ్యాహ్నం అన్నాలు తింటుండగా అత్తమ్మకు గుర్తొచ్చింది. రెండేళ్ల కింద కాయ కొట్టినప్పుడు మిగిలిన గింజలు పేడలో అద్ది పిడక చేసి కొట్టం గోడకు కొట్టిందట. తినడం ఆపి పోయి చూశాం. గోడ మూలన, గడ్డి మోపుల వెనుక, ఆ పిడక ఇంకా అతుక్కునే ఉంది. అత్తమ్మ దాన్ని చేటలో పెట్టుకుని చిన్న చిన్న పెళ్లలుగా విరిచింది. గింజలు ఏడు వచ్చాయి. ఒక్కొక్కదాన్నీ వేళ్ల మధ్య నొక్కి చూసి, "ఇండ్ల రెండు పొల్లు. ఐదు చూడాలె" అని నా అరచేతిలో పోసింది. "నా చేతుల ఇగ కాదు, నువ్వే వెట్టు" అంది.

ఆ మాటకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది. ఎందుకంటే అప్పటికి మూడేళ్లుగా నేను ఇంటి మొక్కల నుంచి విత్తనం దాయాలని చూస్తూ, చాలాసార్లు పోగొట్టుకుని ఉన్నాను. అవి కూడా చెప్పాలి. ఆనపగింజల విషయంలో నేను తీసుకున్న జాగ్రత్తలన్నీ ఆ నష్టాల్లో నేర్చుకున్నవే.

మొట్టమొదట దెబ్బ తిన్నది టమాటతో. 2020లో ప్యాకెట్ విత్తనం పెడితే బ్రహ్మాండంగా కాసింది. అన్నిటికన్నా పెద్ద కాయ గింజలు దాచి మరుసటి ఏడు నారు పోశాను. పన్నెండు మొక్కలు పన్నెండు తీరుగా వచ్చాయి. ఒకటి గోలీల్లాంటి కాయలు కాసింది, ఒకదానికి ఆకు ముడత పట్టుకుని కాపే లేదు, ఒకటి మాత్రం తల్లిలాగే కాసింది. ప్యాకెట్ వెతికి చూస్తే దాని మీద ఎఫ్1 హైబ్రిడ్ అని ఉంది. రెండు వేరువేరు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం అది. ఆ తరం వరకు అన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. వాటి గింజల నుంచి వచ్చే రెండో తరంలో తాతల గుణాలన్నీ విడిపోయి ఒక్కో మొక్కకు ఒక్కోటి వస్తుంది. విత్తనం దాచుకోవాలంటే నాటు రకమో, సూటి రకమో అయ్యుండాలి. పూసా రూబీ, అర్కా వికాస్ లాంటివి సూటి రకాలే, వాటి గింజ మళ్లీ అదే కాయ కాస్తుంది. ఇప్పుడు ప్యాకెట్ కొంటే ముందు నా కన్ను ఆ అక్షరాల మీదికే పోతుంది.

తర్వాత మా అమ్మ వాళ్ల ఊరి నుంచి పుల్ల టమాట తెచ్చి పెట్టాను. టమాట పువ్వు చాలా వరకు తన పుప్పొడితోనే తాను కాయ కడుతుంది కాబట్టి పక్కన ఇంకో రకం ఉన్నా పెద్దగా భయం లేదు. కానీ గింజ తీయడంలో ఒక పని ఉంది. గింజ చుట్టూ జిగురు సంచి ఉంటుంది చూశారా, అది గింజను మొలవనివ్వదు. బాగా పండి మెత్తబడ్డ కాయను కోసి, గుజ్జు గ్లాసులోకి పిండి, కొద్దిగా నీళ్లు పోసి, పైన గుడ్డ కట్టి మూలన పెడతాను. ఎండాకాలమైతే రెండు రోజులు, చలికాలమైతే మూడు. పైన తెల్లటి పొర కడుతుంది, పులిసిన వాసన వస్తుంది. అప్పుడు నీళ్లు నిండా పోసి కలిపితే గుజ్జూ తాలు గింజలూ తేలుతాయి, గట్టి గింజలు అడుగుకు పోతాయి. టీ జాలిలో కడిగి స్టీలు పళ్లెంలో పలుచగా పరిచి నీడన ఆరబెట్టడమే. కాగితం మీద పోస్తే అతుక్కుని ఊడి రావు. పులియబెట్టిన సంగతి మరిచిపోయి నాలుగైదు రోజులు వదిలేస్తే గ్లాసులోనే మొలకలొస్తాయి, ఇక ఆ గింజలు పోయినట్టే. ఫోన్లో అలారం పెట్టుకోవడం మంచిది.

మిర్చిది వేరే కథ. నర్సంపేట వైపు చుట్టాల ఇంటి నుంచి చపాటా మిర్చి గింజలు తెచ్చుకున్నాను. 2025లో వరంగల్ చపాటా మిర్చికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివే ఉంటారు, అదే. బుంగలా ఉబ్బి ఎర్రగా నిగనిగలాడే కాయ, కారం తక్కువ, రంగు ఎక్కువ. టమాట మిర్చి అని కూడా అంటారు. దాని పక్క కుండీలోనే కూరలోకి పచ్చిమిర్చి మొక్కలున్నాయి. ఆ ఏడు చపాటా కాయలన్నీ చపాటాగానే కాశాయి, అందుకే నాకు అనుమానం రాలేదు. తేనెటీగ పక్క మొక్క పుప్పొడి తెచ్చి వేసినా ఆ ఏడు కాయ మారదు. మారేది లోపలి గింజ. అది మరుసటి ఏడు మొక్కయి కాస్తేనే బయటపడుతుంది. నాకలాగే బయటపడింది. కాయలు వేలెడు పొడుగు, ఒక పక్క ఉబ్బు, నోట్లో పెడితే చెవుల్లోంచి పొగలొచ్చే కారం. పచ్చడి పెట్టేందుకు ఉంచుకున్న మొక్కలు అలా అయ్యాయి. ఇప్పుడు మొగ్గ దశలోనే ఒక కొమ్మకు నెట్ సంచి కడుతున్నాను. పెళ్లిళ్లలో వక్కపొడి, పసుపు కుంకుమ పెట్టిస్తారు కదా, ఆ సన్నని సంచులు. గాలి ఆడుతుంది, ఈగ దూరదు. రోజూ పొద్దున కొమ్మను మెల్లగా తడితే చాలు, పువ్వు లోపలే కాయ కడుతుంది. పిందెలు పడ్డాక సంచి తీసి ఆ కొమ్మకు ఎర్ర దారం కడతాను.

చిక్కుడుతో పోయింది మాత్రం దాచడం తెలియకే. కాయలు తీగ మీదే గలగలలాడేలా ఎండిపోయాయి, ఒలిచి సీసాలో పోసి మూత బిగించాను. జూన్‌లో మూత తీస్తే సీసా అడుగున పిండి, ప్రతి గింజకూ గుండ్రటి రంధ్రం, లోపల నల్లటి పురుగులు పాకుతున్నాయి. ఆ పురుగు సీసాలోకి బయట నుంచి రాలేదు. కాయ తోటలో ఉన్నప్పుడే పైన గుడ్లు పెడుతుంది, మనమే గింజలతో పాటు లోపలికి తెచ్చుకుంటాం. అత్తమ్మ అయితే ఆముదం చుక్క అరచేతిలో వేసుకుని గింజలకు పట్టించి బూడిదలో కలిపి పెడుతుంది. నేను బాగా ఎండిన గింజలను మూత గట్టి సీసాలో వేసి నాలుగు రోజులు డీప్ ఫ్రిజ్‌లో ఉంచుతున్నాను. బయటికి తీశాక వెంటనే మూత తెరవకూడదు, రాత్రంతా బయట ఉండి సీసా మామూలు వేడికి రావాలి. లేకపోతే చల్లటి గింజల మీద చెమ్మ పడుతుంది.

వంకాయ, బెండకాయ, పుంటికూర, తోటకూర పెద్దగా ఇబ్బంది పెట్టలేదు. వంకాయను పసుపు రంగుకు తిరిగి గట్టిపడేదాకా చెట్టుకే వదిలేయాలి, బెండకాయను ఎండి పగుళ్లిచ్చేదాకా. పుంటికూర కాయలు ఎండితే దులిపితే చాలు.

ఇక ఆ ఏడు గింజలు.

మామూలుగా నేను పాత విత్తనం ఏదైనా పది గింజలు తడిగుడ్డలో పెట్టి ఎన్ని మొలుస్తాయో చూసి అప్పుడు నాటుతాను. ఇక్కడ చూడటానికి గింజలే లేవు. పొల్లు అన్నవాటితో సహా ఏడూ పెట్టాలనుకున్నాను. జూన్ 1న రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాను. ఆనపగింజ పెంకు మందంగా ఉంటుంది కాబట్టి పక్క అంచును గోరు రాసే పట్టీతో రెండు మూడుసార్లు మాత్రం గీశాను, నీరు లోపలికి పోయేలా. తెల్లారి తడిగుడ్డలో చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, పొయ్యి గట్టు మూలన ఉంచాను. రోజుకు రెండుసార్లు తీసి చూడటమే నా పని. నాలుగో రోజుకు రెండు గింజలు మెత్తబడి వాసన వచ్చాయి, తీసి పారేశాను. ఆరో రోజు పొద్దున ఒకదాని కొసన బియ్యపు గింజంత తెల్లటి వేరు కనిపించింది. జూన్ 8న, మిరుగం నాడు, మా ఆయన చేపలు తెచ్చి కడగమంటుంటే నేను డబ్బా తెరిచి చూస్తున్నాను. ఇంకోటి మొలిచింది. మరుసటి రోజు మూడోది. మిగిలినవి మొలవలేదు.

మూడు మొలకలను పేపర్ కప్పుల్లో పెట్టి, నాలుగాకులు వచ్చాక ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లలోకి మార్చాను. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు సగం సగం, గుప్పెడు వేపపిండి. ఇనుప పైపుల పందిరికి నైలాన్ తాళ్లు కట్టాను. జూలై మధ్యకల్లా మూడూ పందిరెక్కాయి.

జూలై 27 ఇక్కడివాళ్లెవరూ మరిచిపోలేని రోజు. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. భూపాలపల్లి జిల్లాలో మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. హన్మకొండ, వరంగల్‌లో కాలనీలు నీళ్లలో ఉన్నాయి. మా వీధిలో మోకాళ్ల లోతు, కరెంటు లేదు, కింది పోర్షన్‌లో అద్దెకున్నవాళ్ల సామాన్లు పైకి మోయడంతోనే రెండు రోజులు గడిచాయి. మిద్దె గుర్తుకు రాలేదు. రాకూడదు కూడా, మనుషుల పని ముందు. మూడో రోజు పైకి పోతే ఆకులు అడ్డం పడి తూము మూసుకుపోయి, చీలమండల దాకా నీళ్లున్నాయి. బకెట్ల కింది రంధ్రాలు ఆ నీళ్లలోనే ఉన్నాయి. తూము తీశాను, బకెట్లను ఇటుకల మీదికి ఎత్తాను. వారంలో ఒక తీగ మొదట్లో కుళ్లి వాలిపోయింది. రెండు మిగిలాయి. ఆ రోజు అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పడానికి చాలాసేపు వెనకాడాను. ఆమె విని, "రెండున్నయి గద. జతున్నది" అంది.

ఆగస్టు మొదటి వారంలో పూత మొదలైంది. ముందు అన్నీ మగపూలే, సన్నటి పొడుగు కాడ మీద తెల్లగా. పది రోజుల తర్వాత ఆడపూలు కనిపించాయి. ఆడపువ్వును గుర్తుపట్టడం తేలిక, పువ్వు కింద నూగుతో చిన్న ఆనపకాయ బొమ్మ ఉంటుంది. మొదటి నాలుగు పిందెలూ పసుపు రంగుకు తిరిగి రాలిపోయాయి. ఎరువు తక్కువైందేమో అనుకున్నాను కానీ కారణం అది కాదు. ఆనప పువ్వు పొద్దుగూకాక విచ్చుకుని తెల్లారి ఎండకు వాడిపోతుంది. రాత్రి తిరిగే రెక్కల పురుగులు దాని మీద వాలాలి. రెండంతస్తుల పైన, చుట్టూ లైట్ల మధ్య, అవి వచ్చినట్టు లేదు. వచ్చినా నాకు ఇంకో భయముంది. రోడ్డుకు అటువైపు ఇంట్లో పొడుగు ఆనపకాయ పాదు ఉంది. దాని పుప్పొడి దీనికి పడితే చపాటా మిర్చి కథే మళ్లీ. బీర, కాకర, గుమ్మడి పక్కన ఉన్నా ఫరవాలేదు, అవి దీనితో కలవవు. ఆనపకు ఆనపతోనే ప్రమాదం.

అందుకని చేత్తో పుప్పొడి అద్దాలని నిశ్చయించుకున్నాను. ఎలా చేశానో వివరంగా చెబుతాను, దీని గురించే నన్ను ఎక్కువమంది అడుగుతారు.

సాయంత్రం నాలుగింటికి పైకి పోయి, ఆ రోజు విచ్చుకోబోయే మొగ్గలు చూస్తాను. మరునాటి మొగ్గ పచ్చగా బిగుసుకుని ఉంటుంది, ఈరోజు మొగ్గ కొస తెల్లబడి కొద్దిగా వదులవుతుంది. ఒక ఆడమొగ్గకు, అవతలి తీగ మీది రెండు మగమొగ్గలకు నెట్ సంచులు తొడిగి మూతి బిగిస్తాను. మళ్లీ ఏడింటికి మా పాపను తీసుకుని పోతాను, తను ఫోన్ లైటు పడుతుంది. అప్పటికి సంచిలో పువ్వు విచ్చుకుని ఉంటుంది. రేకులు పలుచగా, ముట్టుకుంటే తడి కాగితంలా ఉంటాయి. మగపువ్వును కాడతో సహా తుంచి, రేకులు వెనక్కి మడిచి పట్టుకుంటే మధ్యలో పుప్పొడి ముద్ద బయటికి వస్తుంది. వేలికి రాసుకుంటే లేత పసుపు అంటాలి. అంటకపోతే ఇంకాసేపు ఆగాలి. ఆడపువ్వు సంచి విప్పి, దాని నడుమనున్న మూడు పాయల ముద్దకు ఈ పుప్పొడిని మూడు వైపులా మెల్లగా అద్దుతాను. రెండో మగపువ్వుతో మళ్లీ ఒకసారి. గట్టిగా రుద్దితే నలుగుతుంది. వెంటనే సంచి తొడిగి మూతి కట్టేస్తాను. కాడకు ఎర్ర దారం, క్యాలెండర్‌లో తేదీ.

ఆరు పూలకు ఇలా చేస్తే రెండు నిలిచాయి, తీగకొకటి. ఒకరోజు వాన, ఒకరోజు నేను ఆలస్యంగా పోయాను, మిగిలినవి ఎందుకు పోయాయో అర్థం కాలేదు. నిలిచినవాటిని నాలుగో రోజుకే పోల్చుకున్నాను. నిటారుగా ఉన్న కాడ బరువుకు వంగి, పిందె కిందికి చూసింది. నూగు మీద మెరుపు వచ్చింది. ఆగస్టు 19, ఆగస్టు 22. ఆ తేదీలు ఇప్పటికీ గుర్తే.

తర్వాత చేయాల్సింది ఏమీ లేదు, తెంపకుండా ఉండటమే. అదే కష్టం. సెప్టెంబర్ మొదటి వారానికి కాయలు సరిగ్గా కూరకొచ్చే లేతదనంలో ఉన్నాయి. అత్తమ్మ చేతి కాయే, అదే మెడ, అదే పొట్ట. మా ఆయన రోజూ పైకొచ్చి చూసి, "రెండున్నాయి కదా, ఒకటి వండరాదూ" అనేవారు. నేను వినలేదు. ఒకటే ఉంచితే ఆ ఒక్కటి కుళ్లితే? దారం కట్టని పిందెలు తీగకొకటి తమంతట తాము నిలిస్తే వాటిని లేతగానే తెంపి, ముందు పచ్చి ముక్క నాలుక మీద పెట్టుకుని చేదు లేదని చూసుకుని వండాను. ఇది విత్తనం దాచేవాళ్లందరూ చేయాల్సిన పని. విత్తనపు కాయ రుచి చూడలేం కాబట్టి అదే తీగ లేత కాయ చూడాలి. ఆనపకాయ చేదుగా ఉంటే ఒక్క ముక్క కూడా తినకూడదు, ఆ తీగ గింజ దాచకూడదు. చేదు సొరకాయ రసం తాగి ప్రాణాల మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. మా తీగ రెండూ కమ్మగానే ఉన్నాయి. ఆ తర్వాత వచ్చిన ఆడపూలన్నీ తుంచేశాను, తీగ బలమంతా ఆ రెండు కాయల్లోని గింజకే పోవాలని.

అక్టోబర్ 14న ఎంగిలిపూల బతుకమ్మ. వేయి స్తంభాల గుడికి పోవడానికి వీధిలో ఆడపిల్లలు పొద్దున్నే గుమ్మడి పూల కోసం మా మిద్దెక్కారు. ఏటా ఎక్కుతారు, నాకు ఇష్టమే. కానీ గుమ్మడికీ ఆ ఏడు ఒక విత్తనపు పిందె ఉంది. పిల్లలను నిలబెట్టి చూపించాను, కింద బుడిపె ఉన్న పువ్వు ముట్టొద్దు, ఉత్త కాడ పూలే తెంపండి అని. వాళ్లలో ఐదో తరగతి పిల్ల ఒకతి పూలన్నీ తిప్పి తిప్పి చూసి, "ఆంటీ, గివన్నీ మొగోళ్లేనా" అంది. ఆ మధ్యాహ్నం వాళ్లు గుమ్మడి పూలు పైన పెట్టి, పసుపు గౌరమ్మను నిలిపి బతుకమ్మ పేర్చుకున్నారు. ఎర్ర దారం పిందె జోలికి ఎవరూ పోలేదు.

నవంబర్ రెండో వారానికి ఆనప తీగలు ఎండు ముఖం పట్టాయి. కాయల పచ్చదనం పోయి గడ్డి రంగుకు వచ్చాయి. గోరు దిగలేదు. కాడ కూడా ఎండాక జానెడు కాడతో సహా కోసి, మెట్ల గదిలో గాలి తగిలేచోట వేలాడదీశాను. అప్పుడే కొట్టకూడదు, లోపలి గుజ్జు ఎండుతూ ఇంకా కొన్నాళ్లు ఉండాలి. పైన మచ్చలు మచ్చలుగా బూజు కనిపించి భయపడ్డాను. పొడిగుడ్డతో తుడిస్తే పోయింది, పెంకు గట్టిగానే ఉంది. డిసెంబర్ చివర ఒకరోజు చేత్తో ఊపితే లోపల గింజలు గలగలమన్నాయి.

సంక్రాంతికి రెండు కాయలూ ఊరికి పట్టుకుపోయాను. కొత్తింటి వాకిట్లో అత్తమ్మ ఒకదాన్ని తీసుకుని చెవి దగ్గర ఊపింది, ఇంకోదాన్నీ ఊపింది. తేలికగా మోగినదాన్ని పక్కన పెట్టి, బరువుగా మోగినదాన్ని గడపకేసి ఒక్క దెబ్బ కొట్టింది. పెంకు రెండుగా చీలింది. లోపల తెల్లటి ఎండు దూదిలాంటి పీచు, అందులో వరుసలుగా గింజలు. ఆమె చాపలో కూర్చుని పీచులోంచి ఒలుస్తుంటే నేనూ పాపా లెక్క పెట్టాం. 286. నొక్కితే మెత్తగా ఉన్నవి 31 పక్కకు పోయాయి. పిడకలోంచి ఏడు గింజలు ఏరిన చేట అదే.

రెండో కాయ కొట్టనివ్వలేదు అత్తమ్మ. స్లాబు ఇంట్లో దూలం లేదు కదా. సామాన్ల గదిలో ఫ్యాను పెట్టకుండా వదిలేసిన హుక్కు ఉంటే దానికి తాడేసి వేలాడదీయించింది. ఇప్పుడు గ్యాస్ పొయ్యి, పొగ లేదు, అందుకే నెలకోసారి దించి చూసుకుంటుంది. నా వంతు గింజలను నాలుగు రోజులు నీడన ఆరబెట్టాను. గింజను విరిస్తే వంగకుండా పుటుక్కున విరగాలి, అప్పుడే ఎండినట్టు. కాగితం కవర్లలో పోసి, మందు సీసాల్లో వచ్చే తేమ పీల్చే చిన్న సంచులు రెండు వేసి, గాజు సీసాలో ఫ్రిజ్ కింది అరలో పెట్టాను. కవరు మీద రకం, కాయ కోసిన నెల, ఎవరి విత్తనం అనేది రాశాను. మూడో సంగతి రాయడం నాకు ముఖ్యం. ఇలా దాచితే ఆనప, గుమ్మడి, టమాట, వంగ నాలుగేళ్ల దాకా మొలుస్తాయి. మిర్చి, బెండ రెండేళ్లకు మించి నమ్మను. ఉల్లి గింజ ఒక్క ఏడాదే.

2024 మే చివర పది గింజలు తడిగుడ్డలో పెట్టాను, తొమ్మిది మొలిచాయి. ఆ రోజు నుంచి ధైర్యంగా పంచడం మొదలుపెట్టాను. ఇంటికి పది చొప్పున, ఎక్కువ ఇవ్వను. పక్కన వేరే ఆనపకాయ ఉందా అని అడుగుతాను, ఉందంటే సంచి కట్టడం చూపిస్తాను. కొందరు ఇలా పంచుకోవచ్చా, ఏమైనా కేసు అవుతుందా అని టెన్షన్ పడ్డారు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టంలో రైతుకు తన పంట విత్తనం దాచుకునే, మళ్లీ వేసుకునే, మార్చుకునే, అమ్ముకునే హక్కు స్పష్టంగా ఉంది, కంపెనీ బ్రాండ్ పేరు పెట్టి అమ్మకూడదు అంతే. జహీరాబాద్ వైపు డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు ఎన్నో ఏళ్లుగా ఊళ్లలో విత్తనాలు దాచి పంచుతున్నారు, 2019లో వాళ్ల పనికి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది. వాళ్ల ఫొటోల్లో బుట్టల ముందు కూర్చున్న పెద్దమ్మలను చూస్తే నాకు చేట ముందు కూర్చున్న అత్తమ్మే కనిపిస్తుంది.

2024 మిరుగానికి అత్తమ్మ కొత్తింటి ప్రహరీ గోడ పక్కన నాలుగు గింజలు పెట్టింది, నాలుగూ మొలిచాయి. నేను మిద్దె మీద మూడు పెట్టాను. ఆగస్టులో మళ్లీ సంచులు, దారాలు, పాప చేతిలో ఫోన్ లైటు. ఈసారి ఐదు పూలకు మూడు నిలిచాయి. మొదటి రెండు కాయలకు ఎర్ర దారం ఉంచాను. మూడోదాని దారం విప్పి, లేతగా తెంపి, ముక్క కొరికి చూసి, తురిమాను. బియ్యప్పిండి, నువ్వులు, నానబెట్టిన శనగపప్పు, పచ్చిమిర్చి వేసి కలిపాను. ఇనుప గిన్నెకు పలుచగా అద్ది, వేలితో రంధ్రాలు పెట్టి నూనె వేసి మూత పెట్టాను. అత్తమ్మ ఆ రోజు మా ఇంట్లోనే ఉంది. మొదటి ముక్క తుంచి నోట్లో వేసుకుని కాసేపు నమిలి, "గదే కాయ" అంది, ఇంకో ముక్క తుంచుకుంది.